ఆషాఢంలో ఇల్లు మారరు

మొన్నామధ్య మా చెల్లెలి కూతురు షారన్‌కి ఊరి చివరి యూనివర్సిటీలో సీటొచ్చింది. హాస్టల్లో గది దొరకలేదు. క్యాంపస్‌ పక్కనే అపార్టుమెంటు అద్దెకి తీసుకుని ఇంకో ఇద్దరు అమ్మాయిలతో ఉంటానంది. పెద్దదాన్ని తోడు రమ్మంటే వెళ్ళాను. ఒకప్పుడు అక్కడ బండరాళ్ళూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు బండరాళ్ళ పేర్లు పెట్టుకున్న అపార్టుమెంట్లున్నాయి. అయిదో అంతస్తులో మాకు చూపించిన ఫ్లాటు బాగుంది. గాలి బాగా వస్తోంది, బాల్కనీలోంచి క్యాంపస్‌ చెట్లు కనిపిస్తున్నాయి. ఓనరుగారు నిక్కరు వేసుకుని, చల్లటి మంచినీళ్ళిచ్చి, ఎంతో మర్యాదగా మాట్లాడారు. "మాకలాంటి పట్టింపులేం లేవండీ, మేమంతా చదువుకున్నవాళ్ళం," అని అడక్కుండానే చెప్పారు. ఆ మాట వినగానే పట్టింపులు ఉన్నాయని నాకు అర్థమైపోయింది. మా సొంతూరేదన్నారు. బాపట్ల దగ్గరన్నాను. బాపట్లలో ఏ వైపన్నారు. చెప్పాను. ఇంటిపేరేమిటన్నారు. చెప్పాను. దానివల్ల ఆయనకి ఏమీ తేలలేదు. "అంటే... అసోసియేషన్‌వాళ్ళు అడుగుతారు, అందుకనీ," అని నీళ్ళు నమిలారు.

నేనింకా ఏ జవాబు మర్యాదగా ఉంటుందా అని వెతుక్కుంటుండగానే షారన్‌ అందుకుంది. "అంకుల్‌, మేం క్రిస్టియన్స్‌. చికెన్‌ వండుకుంటాం. ఆదివారం పొద్దున పాటలు పెట్టుకుంటాం, సౌండ్‌ తక్కువే. ఓకేనా?"

"అయ్యో, దానికేముందమ్మా! మెసేజ్‌ పెడతాను," అన్నారాయన. మేం లిఫ్టులో కిందికి దిగేలోపే మెసేజ్‌ వచ్చింది, ఫ్లాటు ఎవరికో ఇచ్చేశారట. ఆ దిగే కాస్త సేపట్లో ఎవరొచ్చి ఎవరు తీసుకున్నారో దేవుడికే తెలియాలి. షారన్‌ పకపకా నవ్వి, ఫోన్లో ఇంకో ఫ్లాటు వెతకడం మొదలుపెట్టింది. సాయంత్రానికి పక్క వీధిలో ఒకటి దొరికింది కూడా. దాని ఓనరు విదేశంలో ఉన్నాడు. అద్దె జమైందా లేదా అన్నది తప్ప ఆయనకి ఇంకే ఆసక్తీ లేదు. పట్టింపు లేకపోవడానికి కావలసింది చదువో, దూరమో నాకు ఇంతవరకూ తేలలేదు.

ఆ నవ్వు మాత్రం నన్ను వదల్లేదు. నేను ఆ వయసులో అలా నవ్వలేకపోయాను. తిరుగు ప్రయాణంలో మెట్రో దిగి, పని లేకపోయినా పంజగుట్ట వెనక మా పాత సందులోకి నడిచాను. మా ఇల్లు ఇప్పుడు మాది కాదు. కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి, కోచింగ్‌కి వచ్చే కుర్రాళ్ళ కోసం హాస్టల్‌ కట్టారు. గదికి నాలుగేసి మంచాలు, మంచానికింత అద్దె. ఆధార్‌ కార్డు, అడ్వాన్సు ఇస్తే చాలు, ఎవరినీ ఇంకేమీ అడగరట. మంచానికి కులం లేదు, ఇంటికే ఉంది.

మా నాన్న పేరు దేవదానం. సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. అమ్మ కరుణమ్మ బడిపంతులమ్మ. నా చిన్నతనమంతా మేం అమీర్‌పేట చుట్టుపక్కల ఇళ్ళు మారుతూనే ఉన్నాం. మారినప్పుడల్లా నాన్న నాకొక కారణం చెప్పేవాడు. ఒకచోట నీళ్ళు ఉప్పగా ఉన్నాయన్నాడు. ఒకచోట బడి దూరమన్నాడు. బల్కంపేట ఇంట్లో గాలి ఆడటం లేదన్నాడు. ఆ ఇంటికి మూడు వైపులా కిటికీలుండేవి. మా నాన్నకి గాలి మీద చాలా పట్టింపు అనుకున్నాను. ఆ ఇంటావిడ నిజానికి చాలా మంచిదని, వచ్చిన వారానికి అమ్మని గుమ్మం దగ్గర నిలబెట్టి, "మా ఆడపడుచు వాళ్ళొస్తున్నారు, ఇల్లు కావాలి, ఏమీ అనుకోకండి," అందనీ, ఆ ఆడపడుచు ఎప్పటికీ రాలేదనీ అమ్మ నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. ఇళ్ళు చూపించే బ్రోకరొకాయన నాన్న మీద జాలిపడి ఒక ఉపాయం కూడా చెప్పాడట. "దేవదానం అనేది ఎందుకు సార్‌? జర దేవయ్య అనుండ్రి. మస్తు ఇండ్లు దొరుకుతయ్‌." నాన్న ఆ బ్రోకర్ని మార్చాడు గానీ పేరు మార్చుకోలేదు.

చివరికి పంజగుట్ట వెనక, గుట్ట వాలులో, లారీ వెళ్ళలేని సందులో కాస్త స్థలం కొని ఇల్లు కట్టాడు. కింద మేం, పైన ఒక రేకుల గది, దానికి బయట నుంచి మెట్లు. ఆ ఇల్లంటే నాన్నకి ఎంత ఇష్టమంటే, రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చొక్కా అయినా విప్పకుండా ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, గోడల్ని అరచేత్తో తట్టి చూసేవాడు. ఆవుని తట్టినట్టు తట్టేవాడు. తర్వాత టీ తాగేవాడు. శనివారం సాయంత్రం ఇల్లంతా గంజి వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె వాసన. మర్నాడు గుడికి కట్టుకునే బట్టలు నాన్నే ఇస్త్రీ చేసేవాడు, చొక్కా కాలరు దగ్గర నాలుక చివర బయటపెట్టి మరీ. ఆదివారం గుడి నుంచి రాగానే అమ్మ పొయ్యి మీద గోంగూర మాంసం, పక్కన చారు. రోజూ రాత్రి భోజనానికి ముందు ప్రార్థన. నాన్న ప్రార్థన పొడుగ్గా ఉండేది. లోకంలో దుఃఖంలో ఉన్నవాళ్ళందర్నీ పేరుపేరునా తలుచుకునేవాడు. అన్నం చల్లారిపోతోందని అమ్మ మధ్యలో గట్టిగా "ఆమెన్‌" అనేసేది.

పైగది అద్దెకివ్వాలనుకున్నప్పుడు నాన్న ఒక ఒట్టు పెట్టుకున్నాడు. ఈ ఇంటి గుమ్మంలో ఎవరినీ "మీరేవిట్లు?" అని అడగకూడదు. కులమేమిటని మొహం మీద అడగలేక మర్యాదస్తులు వాడే మాట అది. ఆ మాటతోనే నాన్నని ఊరంతా తిప్పారు. "మరి ఇంకేం అడుగుతారు?" అంది అమ్మ. ఆ ప్రశ్న నాన్నని కొన్నాళ్ళు వేధించింది. ఏమీ అడక్కుండా ఇల్లు ఎలా ఇస్తారు? కాబట్టి ఆయన సొంతంగా ప్రశ్నలు తయారుచేసుకున్నాడు. తెల్లవారుజామున మునిసిపాలిటీ నీళ్ళొస్తే లేస్తారా? స్నానం చేస్తూ పాడతారా? పాడితే ఎలాంటి పాటలు? అమ్మకి ఫోన్‌ చేస్తారా, ఆవిడే చేయాలా? చెప్పులు ఎటు తిప్పి విడుస్తారు? కులం అడిగేవాళ్ళ దగ్గర ఒక్క ప్రశ్నతో అయిపోయేది. మా నాన్న పరీక్షకి కూర్చున్నవాళ్ళు మధ్యలో మంచినీళ్ళు అడిగేవాళ్ళు.

ఆ పరీక్ష నెగ్గి ఇద్దరు కుర్రాళ్ళు పైగదిలో చేరారు. ఒకడు యాదగిరి. జనగామ దగ్గర పల్లె నుంచి సినిమాల్లో వేషాల కోసం వచ్చాడు. కృష్ణానగర్‌లో స్నేహితులతో ఉంటే రాత్రంతా పేకాట, పొద్దున లేవలేకపోతున్నానని ఇటు వచ్చాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి కావడం వల్ల ఎప్పుడూ పోలీసు వేషమే ఇచ్చేవాళ్ళు. విలన్‌ వెనక నిలబడే పోలీసు. రెండోవాడు సుబ్రహ్మణ్యం, సుబ్బు. కోనసీమ నుంచి వచ్చి మైత్రీవనంలో కంప్యూటర్‌ కోర్సు చేస్తున్నాడు. బక్కగా, నెమ్మదిగా, ప్రతి మాటకీ "అండీ" తగిలిస్తూ ఉండేవాడు. పైన చిన్న స్టవ్‌ పెట్టుకుని తన వంట తనే చేసుకునేవాడు. అమ్మ పెట్టే ఆవకాయ మాత్రం వద్దనేవాడు కాదు. నేనప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. నాకు లెక్కలు చెప్పేవాడు. వాడు మా ఇంటివాడే అన్నంత ధీమా వచ్చేసింది మాకు.

ఆషాఢమాసం. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణమని ఆ వైపంతా పందిళ్ళు, మైకులు, పసుపు నీళ్ళ వాసన. ఒక సాయంత్రం సుబ్బు కిందికొచ్చి వసారాలో నిలబడ్డాడు. ఎంతసేపటికీ కూర్చోడు.

"అంకుల్‌, ఎల్లుండి మా నాన్నగారు వస్తున్నారండీ."

"రానీ, మంచిదే కదా. ఆయనకేం ఇష్టం? ఆంటీ చేస్తుంది," అన్నాడు నాన్న.

"అది కాదండీ. ఆయన పౌరోహిత్యం చేస్తారు. ఆయనకి నేను... ఇది గోవిందరావుగారనీ మావాళ్ళ ఇల్లని చెప్పానండీ." కళ్ళు ముందుగది వైపు తిప్పాడు. "రెండు రోజులేనండీ ఉండేది. మీరు మరోలా అనుకోకపోతే ఆ పటం... రెండు రోజులు లోపల పెడితే..."

ముందుగదిలో, గుమ్మానికి ఎదురుగా, గొర్రెపిల్లనెత్తుకున్న ప్రభువు పటం ఉండేది. ఇల్లు కట్టాక ఆ గోడకి కొట్టిన మొదటి మేకు దానిదే. నాకు చెవులు వేడెక్కిపోయాయి. మా ఆవకాయ తిన్న మనిషి! నేనేదో అనబోయేలోపు అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆవిడకి కోపం రాలేదు. పటం వైపు పరీక్షగా చూసి, "తీయొచ్చు గానీ బాబూ, తీస్తే గోడ మీద పటమంత తెల్లటి మచ్చ కనిపిస్తుంది. మీ నాన్నగారు అదేమిటని అడిగితే ఏం చెప్తావు?" అంది.

మెట్ల మీద కూర్చుని అంతా వింటున్న యాదగిరి లేచి వచ్చాడు. "పటం తీసుడేంది అంకుల్‌, గట్లెట్ల అయితది? నువ్వు ఫికర్‌ జేయకు సుబ్బూ. నా దగ్గర పోలీసు డ్రెస్‌ ఉన్నది. పంతులుగారు గేటు కాడికి రాంగనే నేను ఆ డ్రెస్సుల నిలబడ్త. 'ఈడ కర్ఫ్యూ ఉన్నది, వాపస్‌ పో' అంట."

ఎవరూ నవ్వలేదు. అద్దె ఇళ్ళకోసం కూడా మార్చుకోని పేరుని సొంత ఇంట్లో, అద్దెకున్న కుర్రాడి కోసం మార్చుకోవలసి వస్తుందని నాన్న ఊహించి ఉండడు. చివరికి, "నేను పటం తీయను సుబ్బూ," అన్నాడు. "నువ్వు తీయమన్నావని మీ నాన్నగారికి చెప్పను కూడా. నా వల్ల అయ్యేది అంతే."

సూర్యనారాయణ శాస్త్రిగారు పొద్దున్నే ఆటోలో దిగారు. భుజాన కండువా, చేతిలో రాగి చెంబు, సంచిలో మడిబట్ట. నాన్న ఆఫీసుకి వేసుకునే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వసారాలో నిలబడి ఉన్నాడు. ఆ రోజు సెలవు పెట్టాడు. నమస్కారాలయ్యాయి. కుర్చీ వేశాం. శాస్త్రిగారు కూర్చోబోతూ తెరిచి ఉన్న గుమ్మంలోంచి లోపలికి చూశారు. పటం ఆయన్నీ, ఆయన పటాన్నీ చూసుకున్నారు. ఆయన కుర్చీ వెనక్కి జరిపి, నిలబడే అడిగారు.

"మీరేవిట్లండీ?"

సుబ్బు తల దించేసుకున్నాడు. ఆ ప్రశ్నకి ఎన్నో గుమ్మాల్లో జవాబు చెప్పి చెప్పి అలిసిపోయిన మా నాన్న మొహంలో విచిత్రంగా ఒక తేలికదనం వచ్చింది.

"మేమాండీ? మేం ఇంటివాళ్ళం," అన్నాడు.

"అది కాదండీ, నేనడిగేది..."

"మీరడిగేది నాకు తెలుసు శాస్త్రిగారూ. మేం క్రైస్తవులం. నా పేరు దేవదానం. బయట ఎవరడిగినా అదే చెప్తాను. కానీ ఇక్కడ ముందు ఇంటివాళ్ళం, ఆ తర్వాతే ఏదైనా."

శాస్త్రిగారు సుబ్బు వైపు తిరిగారు. "గోవిందరావుగారని చెప్పావు?" ఆయన మళ్ళీ నాన్న వైపు తిరిగి, గొంతు పెంచకుండానే, "మీ మీద నాకేం కోపం లేదండీ. మీరు దాచలేదు, వీడు దాచాడు. ఇవాళే వేరే గది చూసుకుని వెళ్ళిపోతాం," అన్నారు. "మీ ఇష్టం," అన్నాడు నాన్న. అంతే. నాన్న ఇంకేమైనా అంటాడని ఎదురుచూసిన నాకు చప్పగా అనిపించింది. గది దొరికేదాకా ఎక్కడుండాలన్న సమస్య ఒకటి వచ్చింది. పైగదికి మెట్లు బయట నుంచే ఉన్నాయి కాబట్టి, అది వేరే ఇంటి కిందే లెక్కని ఆయన తేల్చుకున్నారు. ధర్మశాస్త్రంలో బయటి మెట్లకి మినహాయింపు ఉన్నట్టుంది. చెంబు పట్టుకుని పైకి వెళ్ళిపోయారు.

ఆ రోజు యాదగిరికి షూటింగ్‌ లేదు. "నేను తోల్కపోత పంతులుగారిని. గల్లీలన్నీ నాకెరికే," అని ముగ్గురూ కలిసి బయల్దేరారు. ఆ రోజూ, మర్నాడూ తిరిగారు. ఏం జరిగిందో సుబ్బు చెప్పలేదు, శాస్త్రిగారు అసలే చెప్పలేదు. రెండోరోజు సాయంత్రం యాదగిరి మాత్రం మా వంటింటి గడప మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగుతూ, చేతులూ కళ్ళూ తిప్పుతూ మొత్తం చెప్పాడు. సినిమాల్లో ఎప్పుడూ ఒక్క డైలాగు ఇవ్వని మనిషికి ఇన్ని డైలాగులు ఒకేసారి దొరికాయి మరి.

"ఫస్టు మైత్రీవనం ఎనక గల్లీకి పోయినం ఆంటీ. బోర్డున్నది. పెండ్లి కానోళ్ళకియ్యం అన్నరు. పంతులుగారు 'మా వాడు బుద్ధిమంతుడండీ' అన్నరు. 'అందరూ గట్లనే అంటరు' అని దర్వాజ పెట్టేసిండ్రు. ఆనుంచి బల్కంపేట పోయినం. ఆడ బోనాల జనం, సుట్టాలొచ్చి ఉన్నరు, ఇంట్ల జాగ లేదు. ఇంకో అమ్మ ఇల్లు చూపిచ్చింది. మస్తుగుంది. 'నీసు తింటరా?' అని అడిగింది. పంతులుగారికి పాణం లేచొచ్చింది. 'రామ రామ, ఉల్లిపాయ సుత ముట్టం' అన్నరు. ఆమె ఏమన్నదో తెల్సా? 'గట్లయితే వద్దు బాపూ. మేం రోజు తింటం. వాసనొస్తుందని రేపు మీరు లొల్లి జేస్తరు' అన్నది!"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు గానీ పేజీ తిప్పడం లేదు.

"ఇయ్యాల పొద్దుగాల ఎస్సార్‌నగర్‌. పంతులుగారి మనుషులే, మీ దిక్కు ఆంధ్రోళ్ళే. లోపలికి పిలిచిండ్రు, కూసోవెట్టిండ్రు. గోత్రం అడిగిండ్రు, శాఖ అడిగిండ్రు, ఊరడిగిండ్రు, తాత పేరడిగిండ్రు. అన్నీ కుదిరినయ్‌. నేను ఇగ సామాను తెద్దామా అన్న. అప్పుడు ఇంటాయన అంటడు, 'ఇంట్లో పెళ్ళీడు పిల్లుందండీ, కుర్రాడిని ఎలా పెట్టుకుంటాం' అని. ఆ ముచ్చట ముందే చెప్పొచ్చు గద ఆంటీ? తాత పేరు ఎందుకడిగినట్టు? బయటికొచ్చినంక పంతులుగారు గోడ పట్టుకుని నిలవడ్డరు. నీళ్ళు కావాల్నా అంటే వద్దన్నరు."

ఆ చివరి మాట దగ్గర యాదగిరి గొంతు కూడా తగ్గింది. అప్పటిదాకా నాకు లోపల్లోపల ఒక సంబరం ఉన్న మాట నిజం. తగిన శాస్తి అనుకున్నాను. గోడ పట్టుకుని నిలబడ్డారనగానే ఎందుకో మా నాన్న కనిపించాడు. నాన్న ఏ గోడలు పట్టుకుని నిలబడ్డాడో మాకెప్పుడూ చెప్పలేదు.

చీకటి పడకముందే శాస్త్రిగారు కిందికి దిగి వసారా మెట్టు దగ్గర నిలబడ్డారు. నాన్న లేచాడు. ఆయన కండువా సర్దుకుని, ఎటో చూస్తూ, "దేవదానంగారూ, నిన్న తొందరలో గమనించలేదు. ఇది ఆషాఢం కదండీ. ఆషాఢంలో ఇల్లు మారకూడదు," అన్నారు.

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఒక్క మాట, "గది వేరేవాళ్ళకి ఇచ్చేశానండీ," అన్న ఒక్క మాట నాన్న అంటే ఎంత బాగుంటుందో అనుకున్నాను. నాన్న కాస్త ఆలోచించినట్టు తల ఊపాడు. మా గుడి పెద్ద, రోజూ బైబిలు చదివే మనిషి, ఎంతో గంభీరంగా అన్నాడు కదా: "అవునండీ. ఆషాఢంలో ఎవరూ మారరు. శ్రావణం రానివ్వండి, చూద్దాం."

ఆయన పైకి వెళ్ళాక నేను నాన్న మీద పడ్డాను. "వెళ్ళిపోతామని మొహం మీదే అన్నాక కూడా ఎలా ఉండనిచ్చారు? లేదని చెప్పలేకపోయారా?"

"లేదనిపించుకోవడం నాకు బాగా వచ్చు తల్లీ," అన్నాడు నాన్న. "అనడం మాత్రం చేతకాలేదు. నోటిదాకా వచ్చింది, రుచి బాగాలేదు."

శ్రావణం వచ్చింది. అది మంచి నెలే. కానీ శాస్త్రిగారికి ఊళ్ళో పెళ్ళిళ్ళు, వ్రతాలు, కదలడానికి వీల్లేదని ఫోన్‌ చేశారు. భాద్రపదంలో పితృపక్షాలన్నారు. కార్తీకమంతా అభిషేకాలు. పుష్యం శూన్యమాసం. ఆ మధ్యలో శుక్రమూఢం ఒకటి వచ్చింది. ఫోన్‌ మా ఇంట్లోనే ఉండేది కాబట్టి ఆ కబుర్లన్నీ నాన్నకే చెప్పేవారు. నాన్న అంతా విని, "మూఢం వెళ్ళాక చూద్దాం లెండి," అనేవాడు. ఏడాది తిరిగేసరికి తెలుగు నెలలన్నీ, ఏ నెల దేనికి పనికిరాదో సహా, మా క్రైస్తవ కుటుంబానికి కంఠస్థమయ్యాయి. ఇల్లు మారడానికి అనువైన నెల ఒకటి కూడా లేదని తేలింది. మరో ఏడు సుబ్బు చిన్నాన్న కొడుకు కోర్సుకొచ్చాడు. వాడి వెనక ఆ ఊరి కరణంగారి మనవడొచ్చాడు. అందరూ గేటు దగ్గర నిలబడి, "శాస్త్రిగారు పంపారండీ, ఇల్లు మంచిదన్నారండీ," అనేవాళ్ళు. మా ఇంట్లో చుక్క నీళ్ళు ముట్టని మనిషి మా ఇంటికి ఊరంతా మంచిపేరు తెచ్చిపెట్టాడు. యాదగిరి ఈలోపు పోలీసు వేషం నుంచి పోలీసు ఇన్‌స్పెక్టర్‌ వేషానికి పెరిగి, మూడు మాటలున్న డైలాగు సంపాదించి, కృష్ణానగర్‌లో సొంతంగా గది తీసుకుని వెళ్ళిపోయాడు.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని షారన్‌ ఫ్లాటు వెతుకులాట రోజు నుంచీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అప్పుడు మొహం మీదే అడిగేవాళ్ళు, ఇప్పుడు అసోసియేషన్‌ని అడ్డం పెట్టుకుని అడుగుతున్నారు. అప్పుడు అబద్ధం చెప్పడానికి ఆడపడుచుని సృష్టించాల్సి వచ్చేది, ఇప్పుడు ఫోన్లో ఒక్క వాక్యం చాలు. అడిగించుకునేవాళ్ళు మాత్రం మారారు. మా నాన్న జవాబు వెతుక్కోవడానికి ఒక ఇల్లు కట్టవలసి వచ్చింది. షారన్‌ లిఫ్టులో నవ్వేసింది. ఆ రోజు ఆ పిల్ల అలా నవ్వుతూనే ఫోన్లో ఇంకో ఫ్లాటు వెతుకుతుంటే నాకు కాస్త అసూయ కూడా కలిగింది. అయితే శాస్త్రిగారిని తలుచుకున్నప్పుడల్లా ఇలాంటి లెక్కలు నాకు సరిగ్గా తేలవు. ఆయన మారారా అంటే, ఏమో. చివరిసారి చూసిన రోజు సంగతి చెప్తాను.

సుబ్బుకి ఊళ్ళోనే ఉద్యోగమొచ్చింది, పెళ్ళి కుదిరింది. కొత్త కాపురానికి రేకుల గది చాలదు కాబట్టి వేరే ఇల్లు చూడ్డానికి శాస్త్రిగారు మళ్ళీ వచ్చారు. ఈసారి మాఘమాసం, ఏ అభ్యంతరమూ లేదు. పెళ్ళి కుదిరినవాడు కాబట్టి సులువుగా దొరుకుతుందనుకున్నారు. పొద్దుటి నుంచీ తిరిగి, ఎండ దిగాక వచ్చి, వసారాలో కుర్చీలో కూలబడ్డారు. కుర్చీని వెనక్కి జరపలేదు. కండువాతో మొహం తుడుచుకుని నాన్నని అడిగారు.

"దేవదానంగారూ, ఒక్కమాట చెప్పండి. ఈ మహానగరంలో మీకు ఇల్లెలా దొరికిందండీ?"

"దొరకలేదండీ," అన్నాడు నాన్న. "అందుకే కట్టుకున్నాను."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నాన్నకి అది చేతకాదు. సిమెంటు ఎక్కడ దొరికిందో చెప్పినట్టే చెప్పాడు. శాస్త్రిగారు గోడ వైపు చూశారు, పైన రేకుల గది వైపు చూశారు. తర్వాత గొంతు సవరించుకుని, "అయితే మావాడికి కూడా ఒక చిన్న స్థలం చూసిపెట్టండి. ఈ చుట్టుపక్కలే. మీ పక్కనైనా ఫర్వాలేదు," అన్నారు.

అమ్మ తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆవిడ ఊరుకోలేదు. "పక్కింట్లో ఉంటే మా ఇంట కాఫీ తాగుతారా మరి శాస్త్రిగారూ?"

శాస్త్రిగారు నవ్వారు. ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు. "నాకు ఈ వయసులో ఆ అలవాటు ఎక్కడ మార్పిస్తావులే తల్లీ. మీరే మా ఇంటికి రండి, మా కోడలు ఇస్తుంది," అన్నారు.

ఇవ్వడానికి ఆయన సిద్ధంగానే ఉన్నారు. పుచ్చుకోవడం దగ్గరే ఆగిపోయారు. ఆయన పైకి వెళ్ళిపోయాక అమ్మ, "చూశారా, ఎక్కడిదాకా వచ్చి నిలబడ్డాడో!" అని గొణిగింది. నాన్న వినిపించుకోలేదు. అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఇప్పుడెక్కడికి, టీ అయినా తాగకుండా?"

"ఆ కిందిసందులో ఎవరో స్థలం అమ్ముతున్నారని విన్నాను. వెలుతురు ఉండగానే చూసొస్తాను," అన్నాడు నాన్న. "ఒక్క కుటుంబమైనా అద్దె ఇళ్ళ చుట్టూ తిరగకుండా ఉంటుంది."